చలికాలంలో ఒంట్లో నీరు తగ్గకుండా చూసుకోవడం ఎలా?

ఎండాకాలంలో మధ్యాహ్నానికే ఖాళీ అయ్యే లీటరు సీసా చలికాలంలో పొద్దుగూకే వేళకు కూడా సగానికి పైగా నిండే ఉంటుంది. సాయంత్రం ఇంటికి చేరి సంచిలోంచి దాన్ని బయటికి తీసినప్పుడు ఆ బరువు చేతికి తెలుస్తుంది గానీ, పగలంతా నీళ్లు తాగలేదన్న సంగతి ఒంటికి తెలిసి ఉండదు. నోరు ఎండలేదు, చెమట పట్టలేదు, పైగా మామూలు కంటే ఎక్కువసార్లే మూత్రానికి వెళ్లి వచ్చాం కాబట్టి ఒంట్లో నీటికి లోటేమీ లేదనే అనుకుంటాం. తల దిమ్ముగా ఉండటం, ఒళ్లు బరువెక్కడం, మలబద్ధకం వంటివి కనిపిస్తే ఆ నింద చలి మీద వేసి ఊరుకుంటాం.

నిజానికి చలిలో మనల్ని మోసగించేది దాహమే. మిగతా కాలాల్లో ఆరోగ్యంగా ఉన్న మనిషి దాహం వేసినప్పుడు తాగితే చాలావరకు సరిపోతుంది. చలిలో మాత్రం ఆ పిలుపు ఆలస్యంగానూ, బలహీనంగానూ వస్తుంది. అందువల్ల ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నిటికీ ఆధారం ఒక్కటే: నీళ్లు తాగడాన్ని దాహానికి వదిలిపెట్టకుండా, రోజూ తప్పకుండా చేసే పనులకు ముడివేయాలి.

చలిలో దాహం ఎందుకు మందగిస్తుంది?

చలి తగలగానే శరీరం ముందుగా చేసే పని వేడిని కాపాడుకోవడం. అందుకోసం చర్మంలోనూ, చేతులూ కాళ్లలోనూ ఉండే సన్నని రక్తనాళాలు ముడుచుకుపోతాయి. అక్కడ ఉండవలసిన రక్తంలో కొంత భాగం గుండె, ఊపిరితిత్తులు ఉండే మధ్యభాగానికి చేరుతుంది. గుండె గదుల గోడల్లోనూ, పెద్ద రక్తనాళాల్లోనూ ఒత్తిడిని కనిపెట్టే నాడులు ఈ మార్పును చూసి, ఒంట్లో ద్రవం నిండుగా ఉందని మెదడుకు కబురు పంపుతాయి. ఉన్న నీరు పెరగలేదు, ఒకచోటి నుంచి మరోచోటికి చేరింది, అంతే. అయినా మెదడు ఆ కబురునే నమ్మి దాహాన్ని తగ్గిస్తుంది, నీటిని పట్టి ఉంచమని మూత్రపిండాలకు చెప్పే వాసోప్రెసిన్ అనే హార్మోనును కూడా తగ్గిస్తుంది. దాంతో మూత్రపిండాలు నీటిని బయటికి వదిలేస్తాయి. చలిలో బయట తిరిగి వచ్చినవారు తలుపు తీస్తూనే స్నానాలగదికి పరుగెత్తడానికి కారణం ఇదే.

రాబర్ట్ కెనెఫిక్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు 2004లో ప్రచురించిన పరిశోధనలో చలి వాతావరణంలో దాహపు అనుభూతి 40 శాతం వరకు తగ్గినట్టు తేలింది. అప్పటికే ఒంట్లో నీరు తగ్గి ఉన్నవారిలోనూ ఇదే కనిపించడం ఇక్కడ గమనించవలసిన విషయం. ఒక పక్క నీరు ఎక్కువగా పోతూ, మరో పక్క తాగాలన్న కోరిక తగ్గుతూ ఉంటే, మూడు నాలుగు రోజుల్లో పేరుకునే లోటు చిన్నదేమీ కాదు.

నీరు ఏ దారిన పోతుంది?

చలికాలపు ఉదయం నోరు తెరిచి గాలి వదిలితే తెల్లని ఆవిరి కనిపిస్తుంది. పిల్లలకు అది ఆట; చూడదలచుకున్నవారికి అది ఒంట్లోంచి పోతున్న నీరు. ఊపిరితిత్తుల్లోకి వెళ్లే గాలి ఎంత చల్లగా, ఎంత పొడిగా ఉన్నా, లోపలికి చేరేసరికి శరీరం దాన్ని వేడిచేసి తేమతో నింపుతుంది. సున్నా డిగ్రీల దగ్గర ఘనమీటరు గాలి పూర్తిగా తడిగా ఉన్నా అందులో పట్టే నీటి ఆవిరి 5 గ్రాములకు మించదు. మనం వదిలే ఊపిరి 33, 34 డిగ్రీల వేడితో దాదాపు పూర్తి తేమతో బయటికి వస్తుంది కాబట్టి ఘనమీటరుకు 30 గ్రాములకు పైగా నీటిని వెంట తీసుకుపోతుంది. ఏ శ్రమా లేకుండా కూర్చున్న మనిషి కూడా రోజుకు సుమారు 10 ఘనమీటర్ల గాలి పీలుస్తాడు. లెక్క వేస్తే ఊపిరి దారినే దాదాపు 300 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసు నీరు పోతోందన్నమాట. ఎక్కుడు దారిలో నడుస్తూనో, బరువైన పని చేస్తూనో ఊపిరి ఐదారు రెట్లు పెరిగినప్పుడు పోయే నీరు కూడా అదే లెక్కన పెరుగుతుంది.

ఇంట్లోనే ఉన్నాం కదా అనుకోవడానికీ వీల్లేదు. బయటి సున్నా డిగ్రీల గాలిని, అది ఎంత తడిగాలి అయినా సరే, గదిలో హీటరుతో 20 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష తేమ సుమారు 26 శాతానికి పడిపోతుంది. గదిలో నీటి ఆవిరి తగ్గలేదు. వేడెక్కిన గాలికి మరింత ఆవిరిని పట్టుకునే శక్తి పెరిగింది. ఆ కొరత తీర్చుకోవడానికి గాలి మన చర్మం నుంచి, ముక్కు నుంచి, కళ్ల నుంచి తేమ లాక్కుంటుంది. తెల్లవారేసరికి గొంతు గరగరలాడటం, ముక్కు లోపల చెక్కులు కట్టినట్టు ఉండటం దీని ఫలితమే.

ఇక చెమట. చలికాలంలో చెమట పట్టదన్నది పైకి కనిపించే మాట మాత్రమే. మూడు పొరల బట్టల కింద వేగంగా నడిచినవారు ఇంటికొచ్చి లోపలి బనీను వీపు భాగాన్ని ముట్టుకుంటే తడి తగులుతుంది. పొడిగాలిలో ఆ తడి త్వరగా ఆరిపోవడం వల్ల చెమట పట్టిన సంగతే చాలామంది గుర్తించరు.

రోజుకు ఎంత?

రోజుకు ఎనిమిది గ్లాసులనే లెక్క అందరి నోటా వినిపిస్తుంది గానీ, అది అందరికీ ఒకేలా సరిపోయే కొలత కాదు. యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ 2010లో ఇచ్చిన అంచనా ప్రకారం పెద్దవయసు ఆడవారికి రోజుకు 2 లీటర్లు, మగవారికి 2.5 లీటర్లు చాలు. అమెరికాలోని జాతీయ అకాడమీలు చెప్పిన లెక్క 2.7 లీటర్లు, 3.7 లీటర్లు. రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకంటే, అమెరికా లెక్క అక్కడి ఆరోగ్యవంతులు నిజంగా ఎంత తీసుకుంటున్నారో సర్వేలో చూసి, ఆ మధ్యస్థ విలువను ప్రమాణంగా తీసుకున్నది. అది ఇంతకంటే తక్కువైతే ప్రమాదమనే హద్దు కాదు. పైగా ఈ అంకెలన్నీ నీళ్లు, పాలు, టీ, కాఫీలతో పాటు తిండిలోని నీటిని కూడా కలుపుకున్నవి. ఆహారం ద్వారా ఐదో వంతు అందుతుందనుకుంటే, సాధారణంగా గడిచే చలికాలపు రోజున ఆడవారు 1.6 లీటర్లకు, మగవారు 2 లీటర్లకు తగ్గకుండా తాగడం మంచి ఆరంభం. గర్భిణులు ఇంకో 300 మిల్లీలీటర్లు, బిడ్డకు పాలిచ్చే తల్లులు దాదాపు 700 మిల్లీలీటర్లు అదనంగా కలుపుకోవాలి. బయట పనిచేసేవారు, వ్యాయామం చేసేవారు, జ్వరం ఉన్నవారు దీనికి మించి తాగవలసి ఉంటుంది.

మూత్రపిండాలు, గుండె లేదా కాలేయం జబ్బు ఉండి, రోజుకు ఇంతే తాగాలని వైద్యులు హద్దు పెట్టినవారికి ఈ అంకెలేవీ వర్తించవు. వారు వైద్యులు చెప్పిన కొలతనే పాటించాలి.

రోజువారీ పనులకు ముడివేయడం

గంట గంటకూ మోగే ఫోను రిమైండర్లు మొదటి వారం పనిచేస్తాయి, రెండో వారం విసుగు పుట్టిస్తాయి, మూడో వారానికి మోగగానే చూడకుండానే ఆపేయడం అలవాటవుతుంది. అందుకే నాకు వాటి మీద పెద్దగా నమ్మకం లేదు. మానకుండా చేసే పనికి ముడివేసిన అలవాటు అంత సులభంగా తప్పిపోదు.

ఉదయం లేచి పళ్లు తోముకోగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టండి. రాత్రి ఏడెనిమిది గంటలు ఊపిరి ద్వారా, చర్మం ద్వారా నీరు పోతూనే ఉంటుంది గానీ ఒక్క గుక్క కూడా లోపలికి పోదు కాబట్టి, రోజు మొత్తంలో అన్నిటికన్నా అవసరమైన గ్లాసు ఇదే. ఆపైన తినే ప్రతిసారీ ఒక గ్లాసు తాగాలి. భోజనంతో నీళ్లు తాగితే జీర్ణశక్తి తగ్గుతుందని కొందరు భయపడతారు. ఆరోగ్యవంతుల్లో ఆ భయానికి ఆధారం లేదు.

వీటికి తోడు నేను తప్పనిసరి అని చెప్పే నియమం ఇంకొకటి ఉంది. మూత్రానికి వెళ్లి వచ్చిన ప్రతిసారీ, చేతులు కడుక్కున్నాక, అర గ్లాసు నీళ్లు తాగాలి. చలిలో నీరు ఎక్కువగా పోయేది ఆ దారినే కాబట్టి, పోయినప్పుడే కొంత తిరిగి నింపుకోవడం తేలికైన లెక్క. చలి ఎక్కువైన రోజున మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, దానికి తగ్గట్టు తాగడమూ తనంతట తానే పెరుగుతుంది. ఏ ఫోనూ మోగనక్కర్లేదు.

ఇదంతా కలిపితే ఎంతవుతుందో ఒకసారి చూడండి. లేవగానే 250 మిల్లీలీటర్లు, ఉదయం తిండితో 200, పదకొండు గంటల వేళ వేడి పానీయం 150, మధ్యాహ్నం భోజనంతో 250, మూత్రానికి వెళ్లి వచ్చాక నాలుగుసార్లు 120 చొప్పున 480, సాయంత్రం టీ 150, ఇంటికి చేరాక ఒక గ్లాసు 250, రాత్రి భోజనంతో 200. మొత్తం 1,930 మిల్లీలీటర్లు. ఇందులో ఏ ఒక్కసారీ బలవంతంగా గటగటా తాగవలసిన అవసరం రాలేదు. రోజు మొత్తంలో తాగవలసిన దానిలో మూడింట రెండు వంతులు సాయంత్రం ఐదు లోపే పూర్తయ్యేలా చూసుకొని, పడుకోవడానికి రెండు గంటల ముందు నుంచి తగ్గించుకుంటే రాత్రి పదే పదే లేవాల్సిన బాధ ఉండదు.

నీళ్లు ఎక్కడ ఉన్నాయన్నది ఎన్ని తాగాలన్నంత ముఖ్యమైన విషయం. దుప్పటి కప్పుకొని కూర్చున్న మనిషి నీళ్ల కోసం లేచి చల్లని గచ్చు మీద వంటగది దాకా నడవడు. మనసులో అనుకుంటాడు, కాసేపటికి మరిచిపోతాడు. కాబట్టి కూర్చునే చోటనే, చేయి చాస్తే అందేలా, అర లీటరు ఫ్లాస్కులో గోరువెచ్చని నీళ్లు ఉంచుకోవాలి. స్టీలు చెంబులోనో, లోహపు సీసాలోనో చలికి జిల్లుమనే నీళ్లు పెదవికి తగలగానే చేయి వెనక్కి పోతుంది. ఫ్లాస్కుతో ఆ ఇబ్బంది తీరిపోతుంది.

బయట ఉద్యోగం చేసేవారికి లీటరు సీసాకు నిలువుగా ఒక తెల్ల టేపు అంటించి, పైనుంచి కిందికి నాలుగు గీతలు గీసి, 10, 12, 2, 4 అని గంటలు రాసుకోవడం బాగా ఉపయోగపడుతుంది. ఒక్కో గీతకు 250 మిల్లీలీటర్లు. మొదటిసారి ఇది చేసిన రోజున మధ్యాహ్నం రెండు గంటలకు నా సీసాలో నీటిమట్టం 10 అన్న గీత మీదే కదలకుండా నిలిచి ఉంది. అప్పటిదాకా, పగలంతా నీళ్లు బాగానే తాగుతున్నానని ఎవరితోనైనా వాదించి ఉండేవాణ్ని.

ఏం తాగాలి?

నీళ్లే అన్నిటికన్నా మేలు. అవి చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా ఒంటికి చేరే నీరు అంతే. గోరువెచ్చని నీళ్లను సిఫారసు చేయడానికి కారణం వాటిలో ప్రత్యేకమైన గుణం ఉండటం కాదు, చలిలో అవి తాగబుద్ధి అవుతాయి కాబట్టి. రుచి కావాలనుకుంటే నిమ్మ చెక్క, అల్లం ముక్క, పుదీనా ఆకులు వేసుకోవచ్చు. పాలు, పలుచని సూపు, మజ్జిగ అన్నీ లెక్కలోకి వస్తాయి. సూపులో ఉప్పు మాత్రం చూసి వేసుకోవాలి.

టీ, కాఫీ తాగితే ఒంట్లో నీరంతా పోతుందన్నది చాలాకాలంగా పాతుకుపోయిన అపోహ. కెఫీన్‌కు మూత్రాన్ని కొంచెం పెంచే గుణం ఉన్నమాట నిజమే గానీ, రోజూ తాగేవారి శరీరం దానికి అలవాటు పడుతుంది. రోజూ కాఫీ తాగే మగవారి మీద జరిపి 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకు నాలుగు కప్పుల కాఫీ తాగినప్పటికీ, అంతే మోతాదులో నీళ్లు తాగినప్పటికీ ఒంట్లో నీటి స్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి టీ, కాఫీలను లెక్కలోంచి తీసేయనక్కర్లేదు. రోజుకు కెఫీన్ 400 మిల్లీగ్రాములు దాటకుండా, గర్భిణులు 200 దాటకుండా చూసుకుంటే చాలు. నిజంగా గమనించవలసింది వాటిలో పడే చక్కెరను. చలికాలంలో కప్పుల సంఖ్య పెరిగేకొద్దీ చెంచాల సంఖ్య కూడా పెరుగుతుంది.

పొగలు కక్కే వేడి మీద ఊదుకుంటూ తాగే అలవాటు ఉన్నవారికి ఒక హెచ్చరిక. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో, 65 డిగ్రీలకు మించిన వేడితో తాగే పానీయాలను అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం కాగల అవకాశం ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఐదు నిమిషాలు ఆగి తాగితే పోయేదేమీ లేదు.

మద్యం సంగతి వేరు. అది వాసోప్రెసిన్‌ను నేరుగా అణచివేసి, తాగినదానికి మించి మూత్రం పోయేలా చేస్తుంది. ముడుచుకున్న చర్మపు రక్తనాళాలను తెరుస్తుంది కాబట్టి వేడి పుట్టినట్టు అనిపిస్తుంది, నిజంగా జరిగేది ఒంటి వేడి బయటికి పోవడం. చలి కాచుకోవడానికి మద్యం తాగడం రెండు వైపులా నష్టమే.

తిండి ద్వారా వచ్చే నీటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. దోసకాయ, టమాటాలలో దాదాపు 95 శాతం, నారింజలో 87 శాతం నీరే. వండిన అన్నంలో కూడా మూడింట రెండు వంతులు నీరే ఉంటుంది. వేపుళ్లు, ఎండు చిరుతిళ్లు పెరిగి పళ్లు, కూరగాయలు తగ్గిన రోజుల్లో ఇంకో గ్లాసు నీళ్లు కలుపుకుంటే సరి.

సరిపోతోందా లేదా?

మూత్రం రంగు చూసి చెప్పవచ్చన్నది అందరికీ తెలిసిన మాటే. లేత గడ్డిరంగులో ఉంటే సరిపోతున్నట్టు, ముదురు పసుపులోకి, టీ డికాక్షన్ రంగులోకి దిగితే చాలనట్టు. అయితే చలికాలంలో ఈ పరీక్షలో ఒక మెలిక ఉంది, దాన్ని చాలామంది గమనించరు. చలిలో తిరిగి లోపలికి రాగానే పోసే మూత్రం, ఒంట్లో నీరు తక్కువగా ఉన్నా సరే, తెల్లగా, పలుచగా ఉండవచ్చు. మూత్రపిండాలు అప్పుడు అవసరాన్ని చూసి నీటిని వదలడం లేదు. చలివల్ల వచ్చిన తప్పుడు కబురు విని వదులుతున్నాయి. అందుకే ఆ మూత్రం రంగును పట్టించుకోవద్దు. వెచ్చని చోట గంటా రెండు గంటలు గడిపాక వచ్చే మూత్రాన్ని చూడండి. తెల్లవారుజామున మొదటిసారి పోసే మూత్రం మామూలుగానే కొంచెం ముదురుగా ఉంటుంది కాబట్టి, దాన్ని నిన్నటి ఉదయంతోనూ మొన్నటి ఉదయంతోనూ పోల్చుకోవాలి. బీ విటమిన్ మాత్రలు వేసుకునేవారికి మూత్రం మెరిసే పసుపురంగులో వస్తుంది, బీట్‌రూట్ తిన్నవారిలో కొందరికి ఎర్రగా వస్తుంది. వీటికి నీటితో సంబంధం లేదు.

రంగుతో పాటు బరువు కూడా చూసుకుంటే మరింత నమ్మకంగా ఉంటుంది. ఉదయం లేచి మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు, తేలికపాటి బట్టలతో బరువు చూసుకోవాలి. నిన్నటి ఉదయంతో పోలిస్తే 60 కిలోల మనిషి 600 గ్రాములకు మించి, అంటే ఒక శాతం దాటి తగ్గితే, తగ్గినది కొవ్వు కాదు, నీరే అనుకోవచ్చు. బరువు తగ్గడం, మూత్రం ముదురుగా ఉండటం, దాహం వేయడం అనే మూడింటిలో ఏ ఒక్కటి కనిపించినా లోటు ఉండవచ్చు. రెండు కలిసి కనిపిస్తే లోటు ఉన్నట్టే లెక్క. చలిలో మూడోది బలహీనంగా ఉంటుంది కాబట్టి, అంత చలిలోనూ దాహం వేసిందంటే దాన్ని అస్సలు అశ్రద్ధ చేయకూడదు.

చర్మాన్ని గిల్లి వదిలి చూసే పరీక్ష వయసు మళ్లినవారిలో పనికిరాదు, వారి చర్మం మామూలుగానే నెమ్మదిగా సర్దుకుంటుంది. పగిలిన పెదాలు, గీతలు పడే చర్మం కూడా నమ్మదగిన గుర్తులు కావు. అవి ఎక్కువగా పొడిగాలి చేసే పని కాబట్టి ఎన్ని నీళ్లు తాగినా పూర్తిగా పోవు; పెట్రోలియం జెల్లీ లాంటిది రాసుకోవాలి. నాలుకతో పెదాలు తడుపుకుంటూ ఉంటే ఆ తడి ఆరుతూ ఉన్న తేమను కూడా తీసుకుపోతుంది.

బయట ఎక్కువసేపు గడిపేవారికి

చలిలో బయట పనిచేసేవారు, కొండలెక్కేవారు, పొద్దున్నే పరుగెత్తేవారు చేసే పెద్ద పొరపాటు కావాలని నీళ్లు మానుకోవడం. అన్ని బట్టలు విప్పి, చలిలో మూత్రానికి వెళ్లడం ఇబ్బంది కాబట్టి అసలు తాగకపోతే పోలా అనుకుంటారు. తాగకపోయినా చలి వల్ల మూత్రం వస్తూనే ఉంటుంది. తగ్గేది లోపలి నిల్వ మాత్రమే. బయలుదేరడానికి గంట ముందు ఒకటిన్నర గ్లాసు తాగి, గడప దాటే ముందు మూత్రానికి వెళ్లి, తర్వాత ప్రతి అరగంటకూ నాలుగైదు గుక్కలు తాగుతూ ఉంటే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. నడక మొదలుపెట్టిన పది నిమిషాల్లో ఒళ్లు వేడెక్కగానే, చెమట పట్టకముందే, ఒక పొర బట్ట తీసేయాలి.

గడ్డకట్టే చలిలో నీళ్ల సీసాను మోయడానికీ ఒక పద్ధతి ఉంది. నీరు పైనుంచి గడ్డకడుతుంది కాబట్టి సీసాను తలకిందులుగా పెట్టుకుంటే మంచు అడుగు వైపు చేరుతుంది, మూత దగ్గర నీరుగానే ఉంటుంది. మూతి వెడల్పుగా ఉండి, మూత బిగుతుగా పట్టే సీసా అయితేనే ఈ పని చేయాలి. బయలుదేరేటప్పుడే వేడినీళ్లు నింపుకొని, సీసాను సంచి బయటి జేబులో కాకుండా కోటు లోపల ఒంటికి దగ్గరగానో, ఉన్ని మేజోడులో దూర్చో పెట్టుకోవాలి. గొట్టంతో పీల్చుకునే నీటి సంచులు వాడేవారు తాగిన ప్రతిసారీ గొట్టంలోకి గాలి ఊది, అందులోని నీటిని వెనక్కి నెట్టాలి. లేకపోతే ముందుగా గడ్డకట్టేది ఆ సన్నని గొట్టమే.

దాహమేస్తే మంచు తినవచ్చు కదా అనిపిస్తుంది. కిలో మంచును కరిగించడానికే 334 కిలోజౌళ్ల శక్తి కావాలి, ఆ నీటిని ఒంటి వేడికి తేవడానికి ఇంకో 155. అదంతా శరీరం తన వేడిలోంచే ఇవ్వాలి. అలసిపోయి, వణుకుతున్న మనిషికి అది తగని ఖర్చు. మంచును కరిగించే తాగాలి. గిన్నెలో ముందు కాసిన్ని నీళ్లు పోసి, మరిగాక మంచును కొద్దికొద్దిగా వేస్తే గిన్నె మాడదు. కొత్తగా కురిసిన మెత్తని మంచు పది గిన్నెలు కరిగిస్తే ఒక గిన్నె నీళ్లు రావడమే ఎక్కువ కాబట్టి ఇంధనం లెక్క ముందే చూసుకోవాలి. ఆ నీళ్లను కళపెళ మరిగాక ఒక నిమిషం, 2,000 మీటర్లకు పైన ఉంటే మూడు నిమిషాలు మరగనివ్వాలి. అంత ఎత్తులో ఊపిరి వేగం పెరిగి నీరు ఇంకా ఎక్కువగా పోతుంది. అయితే నీళ్లు బాగా తాగితే ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాదన్న నమ్మకంతో వేగంగా పైకి ఎక్కకూడదు. దానికి మందు నెమ్మదిగా ఎక్కడం, అవసరమైతే కిందికి దిగడం.

పెద్దలు, పిల్లలు, జబ్బుపడినవారు

వయసు పెరిగేకొద్దీ దాహం తగ్గుతుంది, మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచే శక్తీ తగ్గుతుంది. వీటికి చలి కూడా తోడైతే పెద్దవారు సులభంగా నీటి లోటులో పడతారు. మా నాన్నగారు ఒక చలికాలంలో సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టడం మానేశారు. ఎంత బతిమాలినా వినలేదు. కారణం అడిగితే చాలా రోజులు చెప్పలేదు. చివరికి తెలిసిందేమిటంటే, రాత్రివేళ చీకట్లో, చల్లని గచ్చు మీద స్నానాలగదికి వెళ్లడానికి ఆయన భయపడుతున్నారు. దారిలో ఒక చిన్న దీపం, మంచం పక్కన జారని చెప్పులు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు ఏర్పాటు చేశాక మళ్లీ తాగడం మొదలుపెట్టారు. పెద్దవారు నీళ్లు తాగడం లేదంటే తాగమని పోరే ముందు, ఎందుకు తాగడం లేదో కనుక్కోవాలి. పెద్ద గ్లాసు నిండా ఇచ్చే కంటే చిన్న కప్పుతో ఎక్కువసార్లు ఇవ్వడం వారికి నయం. రక్తపోటుకో, గుండెకో మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు వాడుతున్నవారి విషయంలో ఎంత తాగాలో వైద్యుణ్ని అడిగి తెలుసుకోవాలి.

ఆరు నెలలలోపు పసిబిడ్డలకు చలికాలమైనా సరే విడిగా నీళ్లు పట్టకూడదు. తల్లిపాలో, సరిగ్గా కలిపిన పాలపొడి పాలో వారికి కావలసిన నీటినంతా ఇస్తాయి. ఆటలో మునిగిన పిల్లలు తమంతట తాము నీళ్లు అడగరు కాబట్టి ఆటకు ముందు, మధ్యలో, తర్వాత పిలిచి ఇవ్వాలి.

జ్వరం, జలుబు వచ్చినప్పుడు ఊపిరి వేగం, చెమట రెండూ పెరుగుతాయి. వాంతులు, విరేచనాలు మొదలైతే నీళ్లు ఒక్కటే చాలవు, ఓఆర్ఎస్ కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి సిఫారసు చేస్తున్న మిశ్రమంలో ఉప్పు, గ్లూకోజు లీటరు నీటికి సరిపడే కచ్చితమైన పాళ్లలో ఉంటాయి. పొట్లం మీద ఎంత నీళ్లలో కలపమని రాసి ఉంటే అంతే నీళ్లలో, పొట్లమంతా ఒకేసారి కలపాలి. నీళ్లు తగ్గించి చిక్కగా కలిపితే ఉప్పు ఎక్కువై మేలుకు బదులు కీడు జరుగుతుంది.

గదిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. తేమను కొలిచే చిన్న పరికరం ఒకటి గోడకు తగిలించుకోవచ్చు. తేమ పెంచే యంత్రం వాడేవారు దాని తొట్టిలో నీళ్లు రోజూ మార్చి కడగాలి. కిటికీ అద్దాల మీద నీటిబొట్లు కారుతున్నాయంటే తేమ మితిమీరిందని అర్థం. ఇక గోడలకు బూజు పడుతుంది.

అతిగా తాగడం, వైద్యుని దగ్గరికి వెళ్లడం

తాగలేదని గుర్తొచ్చి రాత్రి పడుకునే ముందు లీటరున్నర ఒకేసారి తాగేయడం సరైన పని కాదు. ఆరోగ్యమైన మూత్రపిండాలు కూడా గంటకు సుమారు 800 మిల్లీలీటర్ల నుంచి ఒక లీటరు వరకే బయటికి పంపగలవు. అంతకు మించి గంటల తరబడి తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక, తీవ్రమైతే మూర్ఛ కూడా రావచ్చు. పగలు తప్పిన నీళ్లను రాత్రి ఒక గ్లాసుతో సరిపెట్టుకొని, మిగతాది మర్నాటి ఉదయానికి వదిలేయాలి.

ఎనిమిది గంటలు దాటినా మూత్రం రాకపోయినా, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోతున్నా, మాట తడబడి మనిషి తికమకపడుతున్నా, తాగినవన్నీ వాంతి అవుతున్నా ఇంట్లో ప్రయోగాలు చేస్తూ కూర్చోకుండా వైద్యుని దగ్గరికి వెళ్లాలి. పసిబిడ్డల్లో ఆరు గంటలపాటు డైపరు తడవకపోవడం, ఏడ్చినా కన్నీళ్లు రాకపోవడం, మాడు లోపలికి కుంగినట్టు కనిపించడం ఆలస్యం చేయకూడని గుర్తులు. వెళ్లేటప్పుడు చివరిసారి మూత్రం ఎప్పుడు వచ్చిందో, గడిచిన ఒక రోజులో ఎంత తాగారో, ఏ మాత్రలు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకొని వెళితే, వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పవచ్చు.